బంధుత్వం: బాబాయి

పదకొండున్నర కావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. స్కూలు మేడ మీద మ్యాపుల గదిలో గోడవారగా ఇరవై నాలుగు సూట్‌కేసులు బారులు తీరి ఉన్నాయి. ఎదురుగా బెంచీల మీద కూర్చున్న పిల్లలు మాత్రం ఇరవై ముగ్గురే. ఆ ఒక్క తేడా కోసమే డిటెక్టివ్‌ని పిలిపించారు.

తప్పిపోయిన పిల్లల విభాగంలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఆయన్ని పైఅధికారి దగ్గర్నుంచి జీపు డ్రైవరు దాకా అందరూ భూతద్దం అంటారు. ఆయన జేబులో భూతద్దమేమీ ఉండదు. ఏ కాగితం చేతికిచ్చినా ముక్కుకి ఆనించుకుని మరీ చదువుతాడని ఆ పేరు పెట్టారు. అది తన చెవిన పడినప్పుడు కోపం నటిస్తాడు గానీ, లోపల్లోపల కాస్త మురిసిపోతాడు కూడా.

"మొదట్నించీ చెప్పండి టీచరుగారూ. ముందు టైములు చెప్పండి. తర్వాత ఏడుద్దురుగాని," అన్నాడు.

భూగోళం టీచరు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఈ విదేశీ విజ్ఞానయాత్ర ఏర్పాట్లన్నీ ఎనిమిది నెలలుగా ఆవిడ ఒంటిచేత్తో చేసింది. గోడ మీద ఆవిడ అంటించిన చార్టు చూస్తే చాలు, మనిషి ఎలాంటిదో తెలిసిపోతుంది. ఎనిమిది రోజులు, మూడు మ్యూజియంలు, ఒక నక్షత్రశాల, ఒక ఓడరేవు. ఏ పూట ఏ బస్సు, ఎవరి పక్కన ఎవరు, ఎవరికి వేరుశనగలు పడవు, ఎవరికి మలుపుల్లో వాంతులవుతాయి, అన్నీ రంగురంగుల పెన్నులతో రాసిపెట్టింది. అంత ముందుచూపున్న మనిషి ముఖం ఇప్పుడు సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఎనిమిదీ నలభైకి హాజరు తీశాను. ఇరవై నాలుగు మందీ ఉన్నారు. తొమ్మిదింటికి మెళ్ళో వేసుకునే కార్డులు పంచాను. తొమ్మిదీ పదికి ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయానంది. బాబాయి కారేసుకొచ్చారు, వెళ్ళి తెచ్చుకుంటానంది."

"పాస్‌పోర్టు ఎందుకిచ్చారు?"

"వీసా పేజీ కాపీ సరిగ్గా రాలేదని నిన్న నేనే అన్నాను సార్. దార్లో బాబాయి ఇంకో కాపీ తీయిస్తారంది. నేనే… నా చేత్తో నేనే ఇచ్చాను."

తొమ్మిదీ ఇరవై అయిదుకి గేటు రిజిస్టర్లో అమ్మాయి సంతకం ఉంది. ఎవరితో వెళ్తున్నారు అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో "బాబాయితో" అని రాసింది. కారులో మగమనిషి ఉన్నాడనీ, దిగలేదనీ, కిటికీలోంచి చెయ్యి మాత్రం ఊపాడనీ గేటు దగ్గరి వాచ్‌మన్ చెప్పాడు. పదీ పావుకీ పిల్ల తిరిగి రాకపోయేసరికి టీచరు అనుమతి ఫారంలో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. అలాంటి నంబరే లేదు. ఆవిడ పోయినేటి క్లాసు రిజిస్టరు తిరగేసి, పదీ నలభైకి తల్లి నంబరు పట్టుకుంది.

ఆ తల్లి ఇప్పుడు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. వచ్చి అరగంటైనా భుజానికున్న సంచీ దించలేదు.

"ఏ ప్రయాణం? ఏ పాస్‌పోర్టు?" ఎవరు దగ్గరికొచ్చినా అదే అడుగుతోంది. "అయిదు నెలల కిందటే వద్దని డైరీలో రాసి పంపాను. అది కూడా ఊరుకుంది. ఇంక మర్చిపోయిందనుకున్నాను. పొద్దున టిఫిన్ డబ్బా సర్దుకుని, అమ్మా వెళ్ళొస్తానంది. రోజూ అన్నట్టే అంది సార్."

"అనుమతి ఫారం ఇచ్చింది మీరు కాదన్నమాట అమ్మా. సంరక్షకుడితో బంధుత్వం అన్నచోట బాబాయి అనుంది. అమ్మాయి నాన్నగారికి తమ్ముళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరు. ఒక్కడే కొడుకు. ఆయన పోయి నాలుగేళ్ళయింది."

"పోనీ, పినతండ్రి కొడుకులో, పెదతండ్రి కొడుకులో?"

"ఎవరూ లేరండీ. ఆ వైపు మాకు దీపం పెట్టే దిక్కు లేదు."

వెనక నుంచి ఎవరో చిన్నగా దగ్గారు. ఆ దగ్గు ఎవరిదో తిరిగి చూడకుండానే భూతద్దానికి తెలుసు. నేరవిభాగంలో తనకన్నా ఆరేళ్ళు చిన్న, హోదాలో ఒక మెట్టు పెద్ద. ప్యాంటు మడత కత్తి అంచులా ఉంటుందని ఇస్త్రీ అని పేరు. ఇద్దరికీ మొదట్నించీ పడదు. ఇంతకుముందు మూడు కేసుల్లో ఎదురుపడ్డారు. రెండిట్లో భూతద్దం గెలిచాడు. ఆ మూడోదాని గురించి ఆయన దగ్గర ఎవరూ ఎత్తరు.

"బాబాయి అనే మాటకి అంత బరువెందుకు గురువుగారూ?" అన్నాడు ఇస్త్రీ. "తండ్రి స్నేహితుడు బాబాయే. పక్కింటాయన బాబాయే. మా వీధిలో పాలపాకెట్లు వేసేవాణ్ణి కూడా మా అబ్బాయి బాబాయనే పిలుస్తాడు. అమ్మ వద్దంది, ఇంకెవరో పెద్దమనిషి సరేనన్నాడు. ఇది ఇంటి గొడవ. మూడున్నరకి బస్సు కదిలేలోపు పిల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగొస్తుంది, చూడండి."

భూతద్దం సూట్‌కేసుల వరస దగ్గరికి నడిచాడు. ఒక్కోదానికీ పేరు చీటీ, పచ్చరిబ్బను కట్టి ఉన్నాయి. చివర్నించి మూడోది నీలం రంగుది. పిడిలో ఒక్క వేలు దూర్చి ఎత్తితే బొమ్మ సూట్‌కేసులా లేచింది. దాన్ని బల్ల మీద పెట్టి జిప్పు లాగాడు.

లోపల చుట్టచుట్టిన పాత దుప్పటి ఒకటుంది. అంతకుమించి ఏమీ లేదు. ఒక జత బట్టలు లేవు, పళ్ళపొడి లేదు, దువ్వెన లేదు.

తల్లి కుర్చీలోంచి లేచొచ్చి తొంగిచూసింది. "ఈ పెట్టె మాది కాదు," అంది. "ఈ దుప్పటీ మాది కాదు."

"తిరిగొచ్చే పిల్ల ఖాళీ పెట్టె ఎందుకు పెట్టి వెళ్తుంది?" అని భూతద్దం ఇస్త్రీ వైపు చూశాడు. "ఈ యాత్రకి వెళ్ళే ఉద్దేశమే లేదు వీళ్ళకి. స్కూలు పేరు మీద అయితే పాస్‌పోర్టూ వీసా గుంపులో గోవిందా అన్నట్టు వచ్చేస్తాయి, ఎవరూ ప్రశ్నలడగరు. అవి చేతికొచ్చాయి. ఇంక స్కూలుతో పనేముంది? టీచరుగారూ, మీరు వెళ్ళే దేశానికి ఇవాళ ఇంకో విమానం ఉందా?"

భూగోళం టీచరుకి చార్టు చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. "రోజుకి రెండే సార్. సాయంత్రం ఏడున్నరది మాది. ఇంకోటి…" ఆవిడ చేతి గడియారం చూసుకుంది. "ఇంకోటి మధ్యాహ్నం ఒకటీ యాభైకి."

స్కూలు నుంచి విమానాశ్రయానికి యాభై నిమిషాలు. పిల్ల గేటు దాటి రెండు గంటలైపోయింది.

"వెంటనే ఆపమని రాయండి," అన్నాడు భూతద్దం. "ఆ కాగితం మీద మీ హోదావాళ్ళే సంతకం పెట్టాలి. పెట్టండి."

"ఏమని రాయమంటారు? అనుమతి ఉంది, వీసా ఉంది, పాస్‌పోర్టు ఉంది. చట్టప్రకారం ఆ పిల్ల సంరక్షకుడితో ప్రయాణం చేస్తోంది."

"కన్నతల్లి ఇక్కడ నిలబడి వద్దంటోంది!"

ఆ మాటకి తల్లి ఎందుకో తల దించుకుంది. భూతద్దం అది చూశాడు గానీ అప్పటికి పట్టించుకోలేదు.

"అరవకండి," అన్నాడు ఇస్త్రీ. "ఫారంలో పై సగమే స్కూల్లో ఉంది. సంరక్షకుడి పేరూ సంతకం ఉన్న కింది సగం కత్తిరించి ట్రావెల్ ఆఫీసుకి పంపేశారు. అది చూడకుండా నేను సంతకం పెట్టను. ఆ బాబాయి నిజంగా కోర్టు నియమించిన సంరక్షకుడైతే రేపు సంజాయిషీ చెప్పుకునేది నేను, మీరు కాదు. ఆ ఆఫీసు మూడు వీధుల అవతలే. ముప్పావుగంటలో వస్తాను."

"ముప్పావుగంటలో విమానం ఎక్కేస్తారు."

"ఎక్కడానికీ ఎగరడానికీ మధ్య చాలా టైముంటుంది గురువుగారూ. మీరు ఈలోపు కాగితాలు వాసన చూస్తూ ఉండండి," అని ప్యాంటు మడత సరిచేసుకుని మెట్లు దిగిపోయాడు.

భూతద్దానికి ఒళ్ళు మండిపోయింది. అయినా చేతిలో ఉన్నది ఆ కాగితాలే. అనుమతి ఫారాల ఫైలు ముందుకి లాక్కున్నాడు.

ఒక్కో ఫారం తీసి కిటికీ వెలుతురులో పెట్టాడు. మొదటిది నాలుగు మడతలు పడింది. రెండోది సగానికి మడిచి, డైరీలో పెట్టి, డైరీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. మూడోదాని మూల కాఫీ మరక. అయిదోదాని వెనక పెన్సిల్‌తో ఏనుగు బొమ్మ. పదకొండోది వానలో తడిసి ఆరింది. బడిసంచీలో ఇంటికెళ్ళి, వంటింటి గట్టు మీద రెండ్రోజులు పడుండి, సంతకం చేయించుకుని మళ్ళీ బడిసంచీలో వచ్చిన కాగితాలవి. ప్రతిదాని ఒంటి మీదా ఆ ప్రయాణం కనిపిస్తోంది. పిల్లలున్న ఇల్లు ఏదీ కాగితాన్ని కాగితంలా తిరిగి పంపదు.

ఇరవై నాలుగోది అద్దంలా ఉంది. మడత లేదు, మరక లేదు, మూల నలగలేదు. వివరాలన్నీ టైపు చేసి ఉన్నాయి. ముక్కుకి ఆనించుకుని చూశాడు. బంధుత్వం: బాబాయి.

"ఇది బడిసంచీ ఎక్కలేదు," అన్నాడు. "దీన్ని ఎవరో చేతికి తెచ్చిచ్చారు. ఫారాలు తీసుకున్నదెవరు?"

ఆఫీసు గుమాస్తాని పిలిపించారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. చెవి మీద పెన్సిలు, కళ్ళల్లో భయం. ఫారం చూడగానే నీళ్ళు నమిలాడు.

"గుర్తు లేదు సార్. రోజుకి వంద కాగితాలొస్తాయి."

"వందలో తొంభైతొమ్మిది నలిగే వస్తాయి గుమాస్తాగారూ. ఇది ప్లాస్టిక్ ఫోల్డరులో వచ్చుంటుంది. గుర్తు తెచ్చుకోండి. గంట తర్వాత గుర్తొస్తే మనకి పనికిరాదు."

గుమాస్తా పెన్సిలు తీసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "ఫోల్డరే సార్. పసుప్పచ్చది. ఒకావిడ తెచ్చారు. స్కూలు వదిలే టైము. నిదానంగా మాట్లాడారు, నన్ను అన్నయ్యగారూ అన్నారు. ఫారం పిల్ల చేత పంపాలండీ అని చెప్పబోతుంటే, ఆ అమ్మాయే మెట్ల మీంచి పరిగెత్తుకుంటూ వచ్చి ఆవిణ్ణి చుట్టేసుకుంది. ఇంక నేనేం అడుగుతాను?"

"ఏమని పిలిచింది?"

"పిన్నీ అంది సార్. పిన్నీ, వచ్చేశావా అంది."

భూతద్దం టీచరు వైపు తిరిగాడు. ఆవిడ అప్పటికే రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మీకూ తెలుసా ఆవిణ్ణి?"

"తల్లిదండ్రుల మీటింగులకి మూడిటికీ వచ్చారు. అందరికన్నా ఆవిడే ఎక్కువ ప్రశ్నలడిగారు. పిల్లకి రాత్రుళ్ళు పీడకలలొస్తాయి, దీపం వెలిగించి ఉంచండి అని కూడా చెప్పారు."

"తల్లి డైరీలో వద్దని రాసిందిగా. ఆ తర్వాత ఫారం వస్తే మీకు అనుమానం రాలేదా?"

టీచరు గోడ మీది చార్టు వైపు చూసింది. "గదికి ఇద్దరు చొప్పున పడుకోవాలి సార్. ఏ పిల్లా ఒంటరిగా ఉండకూడదని రూలు. నా దగ్గర పదకొండు మంది ఆడపిల్లలు తేలారు. పన్నెండో అమ్మాయి దొరక్కపోతే, ఉన్న పదకొండులో ఒకరిని వద్దని ఇంటికి పంపాలి. ఎవర్ని పంపను? మూడు వారాలు నిద్రపోలేదు. అప్పుడొచ్చింది ఆ ఫారం. ఇంట్లో నచ్చజెప్పుకున్నారు కాబోలు అనుకున్నాను. అంతే, కళ్ళకద్దుకుని తీసుకున్నాను." ఆవిడ వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. "ఒక్కరిని మానిపించలేక, ఒక్కదాన్ని పోగొట్టాను."

భూతద్దం ఆవిణ్ణి ఓదార్చలేదు. ఆయన బుర్ర ఒక మాట దగ్గర చిక్కుకుపోయింది. బాబాయి, పిన్ని. పొద్దుట్నించీ బాబాయి అనగానే అందరూ తండ్రి తమ్ముడనే అనుకున్నారు. తనూ అలాగే అనుకున్నాడు. తమ్ముళ్ళు లేరనగానే ఆ మాట అబద్ధమైపోయింది. కానీ బాబాయి భార్య పిన్ని అయినట్టే, పిన్ని మొగుడూ బాబాయే అవుతాడు. తండ్రి వైపు ఎవరూ లేకపోతే తల్లి వైపు ఉండొచ్చు. ఇంత చిన్న విషయం పద్దెనిమిదేళ్ళ అనుభవానికి తట్టనందుకు ఆయనకి సిగ్గేసింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి తల్లి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టైము పన్నెండూ అయిదు.

"అమ్మా, మీకు చెల్లెలుందా?"

సంచీ పట్టీ మీద తల్లి చెయ్యి బిగుసుకుంది.

"లేదు," అంది. తర్వాత, "ఉండేది," అంది.

"ఉండేది అంటే?"

"ఇంట్లోంచి వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళు కావస్తోంది. ఎక్కడుందో తెలీదు. పెళ్ళి చేసుకుందని ఎవరో అన్నారు. ఎవర్ని చేసుకుందో మాకు తెలీదు."

"పన్నెండేళ్ళు కనిపించని పిన్నిని మీ అమ్మాయి ఎలా చుట్టేసుకుంది? పీడకలలొస్తాయని ఆవిడకెలా తెలుసు?"

"నాకు తెలీదు సార్! నాకేం తెలీదు!"

"తెలుసు. ఇందాక కన్నతల్లి అన్నప్పుడు మీరు తల దించుకున్నారు." ఆయన గొంతు తగ్గించాడు. "మీ కూతురు విమానం ఎక్కబోతోందమ్మా. ఇప్పుడు దాచిందేదీ రేపు చెప్పినా ప్రయోజనం ఉండదు."

తల్లి బెంచీల మీదున్న పిల్లల్ని చూసింది. టీచరు అర్థం చేసుకుని వాళ్ళని పక్కగదిలోకి నడిపించింది. తలుపు మూసుకున్నాక తల్లి భుజానికున్న సంచీ దించింది.

"కన్నది నేను కాదు," అంది చివరికి. "పెంచింది నేను. కన్నది మా చెల్లి. దానికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. పెళ్ళి కాలేదు. వాడెవడో పేరు చెప్పమని మా నాన్న కొట్టినా చెప్పలేదు. నాకు పెళ్ళై ఆరేళ్ళయినా పిల్లల్లేరు. పాప పుట్టిన మూడోరోజు మా అమ్మ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఎవరైనా అడిగితే నీ బిడ్డే అని చెప్పమంది. చెల్లెల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఏణ్ణర్థం పాటు అదే ఇంట్లో ఉండి, దాని బిడ్డ నన్ను అమ్మా అని పిలవడం వింది. తర్వాత ఒకరోజు కట్టుబట్టలతో వెళ్ళిపోయింది."

భూతద్దం పద్దెనిమిదేళ్ళలో ఎన్నో విన్నాడు. ఆ ఏణ్ణర్థం లాంటిది మాత్రం వినలేదు. పారిపోయిన ఆ చెల్లెలి మీద, కేసుకి పనికిరాని జాలి ఒకటి పుట్టుకొచ్చింది.

"ఆవిడ ఎలా ఉంటుంది? ఫోటో ఏమైనా ఉందా?"

"ఒక్కటి కూడా ఉంచలేదు. మా నాన్న అన్నీ తగలబెట్టాడు."

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఇస్త్రీ ముప్పావుగంటన్నాడు గానీ ఇంకా పది నిమిషాల ముందే వచ్చాడు. ఎప్పుడూ లేనిది, ప్యాంటు మోకాలి దగ్గర నలిగి ఉంది. లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడు. చేతిలో చిన్న కవరు.

"దొరికిందా?" అని భూతద్దం లేచాడు. "మీరు రాకముందే ఇక్కడ సగం తేలిపోయింది. బాబాయి తండ్రి తమ్ముడు కాదు. తల్లి చెల్లెలి మొగుడు. పేరు చూసి సంతకం పెట్టండి, తొందరగా."

ఇస్త్రీ కదల్లేదు. "తొమ్మిదీ ఇరవై అయిదుకి మీరెక్కడున్నారు?"

"ఏమిటీ?"

"అడిగినదానికి చెప్పండి."

"కారులో. ఆఫీసుకి వస్తున్నాను."

"పక్కనెవరైనా ఉన్నారా?"

"ఒక్కణ్ణే. ఏమిటీ వేళాకోళం?"

ఇస్త్రీ కవరులోంచి కత్తిరించిన కాగితం ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. అతని ముఖంలో గెలిచిన సంతోషం ఏమాత్రం లేదు. ఉంటే బాగుండునని భూతద్దానికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

సంరక్షకుడి పేరు అన్నచోట తన పేరుంది. హోదా అన్నచోట తన హోదా ఉంది. తప్పిపోయిన పిల్లల విభాగం. కింద సంతకం.

ముక్కుకి ఆనించుకోవాల్సిన పనే లేకపోయింది. అది దొంగ సంతకమైతే ఎంత బాగుండేది! చివర్లో కొంచెం పైకి లేచే ఆ గీత, పెన్ను ఎత్తకుండా పెట్టే ఆ రెండు చుక్కలు, అంతా తనదే. తన చేత్తో తనే పెట్టిన సంతకం.

బల్ల అంచు పట్టుకున్నాడు. అయిదు నెలల కిందట ఒక ఉదయం కాఫీ తాగుతుంటే భార్య నాలుగు కాగితాలు ముందు పెట్టింది. ఇన్సూరెన్సువి అంది. ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టుంచింది. తను పేపరు చదువుతూనే గీకేశాడు. ఊళ్ళోవాళ్ళ కాగితాలన్నీ అక్షరం అక్షరం వాసన చూసే మనిషి, ఇంట్లోవాళ్ళ కాగితం ఒక్కటి కూడా చదవలేదు.

పెళ్ళయి పదేళ్ళు. నాకెవరూ లేరు అని చెప్పిందామె, మొదటి రోజే. ఆయన మళ్ళీ అడగలేదు. అడక్కపోవడమే మర్యాద అనుకున్నాడు.

"అందుకే ట్రావెల్ ఆఫీసువాళ్ళు ఏ ప్రశ్నా అడగలేదు," అన్నాడు ఇస్త్రీ నెమ్మదిగా. "పిల్లల్ని వెతికే పోలీసాఫీసరే సంతకం పెట్టాక ఎవరడుగుతారు?"

తల్లి ఎప్పుడు లేచిందో, బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. కాగితం చూసింది. ఆయన్ని చూసింది. కింద నుంచి పైదాకా కొత్తగా చూసింది.

"మీరా?" అంది. "మా చెల్లి మొగుడు… మీరా?"

ఆయన కాగితం ముక్కని బల్ల మీద బోర్లా తిప్పి పెట్టాడు.

"మీ ఆవిడ ఎక్కడుంది?" అన్నాడు ఇస్త్రీ.

"ఇంట్లో." ఫోన్ తీసి నొక్కాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఈసారి స్విచాఫ్ అని వచ్చింది.

ఇస్త్రీ జేబులోంచి పెన్ను తీసి, విమానాశ్రయానికి పంపాల్సిన కాగితం మీద నిలబడే సంతకం పెట్టాడు. దాన్ని ఫోటో తీసి పంపి, నంబరు కలిపి, ఫోన్ స్పీకరు మీద పెట్టి భూతద్దం ముందుకి తోశాడు.

"మీరే మాట్లాడండి. మీరు ఇందులో ఉన్నారో లేదో మీ గొంతు విని తేల్చుకుంటాను."

పన్నెండూ ముప్ఫై అయిదు. విమానాశ్రయం భద్రతాధికారి లైన్లోకి వచ్చాడు. భూతద్దం గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి వర్ణనలు కొన్ని వందలు చెప్పుంటాడు. ప్రతిసారీ చేతిలో ఫోటో ఉండేది.

"ఒకటీ యాభై విమానం. పదమూడేళ్ళ అమ్మాయి, స్కూలు యూనిఫాం ఉండొచ్చు, లేకపోవచ్చు. వెంట ఒక స్త్రీ. వయసు ముప్ఫై రెండు. అయిదడుగుల మూడంగుళాలు. చామనచాయ. నిదానంగా మాట్లాడుతుంది. కంగారుపడితే కుడిచేత్తో ఎడంచేతి గాజు తిప్పుకుంటుంది. ఆమెని ఆపండి. కసురుకోకండి. పిల్లకి ఏమీ కాకుండా చూడండి."

ఇస్త్రీ తల తిప్పుకున్నాడు.

అవతల కీబోర్డు టకటకలు వినిపించాయి. "పాప పేరు దొరికింది సార్. చెకిన్ అయిపోయింది, లోపలికెళ్ళిపోయింది. కానీ వెంట ఆడమనిషి ఎవరూ లేరే."

"లేకపోవడమేమిటి? సరిగ్గా చూడండి."

"ఇద్దరే సార్. పాప, ఒక మగమనిషి. సంరక్షకుడి హోదాలో వెళ్ళాడు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి." మళ్ళీ టకటకలు. ఆగాయి. "ఒక్క నిమిషం సార్. మీ పేరేమిటన్నారు?"

చెప్పాడు.

మ్యాపుల గదిలో తల్లి బల్ల మీదికి వంగి, ఆ ఫోన్ వైపే చూస్తోంది. పాప వెంట ఉన్నది చెల్లెలు పేరు చెప్పని ఆ మనిషేనని అప్పుడామెకి తట్టింది. ఆ చూపు చూడగానే భూతద్దానికీ తట్టింది.

"సార్," అన్నాడు భద్రతాధికారి. మాట తడబడింది. "మీ పాస్‌పోర్టు నా ఎదురుగా స్క్రీన్ మీద ఉంది. మీరు పాప చెయ్యి పట్టుకుని లోపలికెళ్ళి ఇరవై నిమిషాలైంది."